చైనా సిటీ పేపర్లు, సెన్సార్: గ్వాంగ్‌జౌలో నేను చదివిన పేపర్ సంగతి

"చైనాలో పేపర్లన్నీ ప్రభుత్వం చెప్పిందే అచ్చేస్తే జనం డబ్బులిచ్చి ఎందుకు కొంటారు?" అని అడిగారు. నేను కొన్నేళ్లు గ్వాంగ్‌జౌలో బట్టల ఎగుమతి పని చేశాను. చైనీస్ చదవడం నాకు వంటబట్టింది అక్కడి 'నాన్‌ఫాంగ్ దూషీ పావ్' పేపర్ వల్లే. అందుకే దాని గురించే చెబుతాను.

ముందు ఒక విషయం. ఈ పేపర్ ప్రైవేటుది కాదు. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్ర కమ్యూనిస్టు పార్టీ కమిటీ కిందున్న గ్రూపుది. అదే గ్రూపులో నాయకుల ప్రసంగాలు అచ్చేసే పార్టీ పేపర్ వేరే ఉంది, దాన్ని ఆఫీసులు తెప్పించుకుంటాయి. 1997లో దినపత్రికగా మొదలైన ఈ సిటీ పేపర్ మాత్రం వీధి బడ్డీల్లో అమ్ముడుపోవాలి, ప్రకటనలు తెచ్చుకోవాలి. ప్రసంగాలు వేస్తే ఎవరు కొంటారు? అందుకే జనం బాధలు రాయక తప్పలేదు. రాస్తే యజమానికి కోపం. ఈ నలుగుబాటులోంచే ఆ పేపర్‌కి పేరొచ్చింది.

2003లో సున్ జిగాంగ్ అనే 27 ఏళ్ల డిజైనర్‌ని గ్వాంగ్‌జౌ వీధిలో పోలీసులు ఆపారు. హూబేయ్ రాష్ట్రం నుంచి వచ్చినవాడు, బయటి ఊళ్లవాళ్ల దగ్గర ఉండాల్సిన తాత్కాలిక నివాస పర్మిట్ లేదు. మూడు రోజుల్లో నిర్బంధంలోనే చనిపోయాడు. గుండె సమస్య అన్నారు. శవపరీక్షలో కొట్టిన దెబ్బలు బయటపడ్డాయి. ఏప్రిల్ 25న పేపర్ దాన్ని అచ్చేసింది. పైనుంచి "రాయొద్దు" అని ఫోన్ వచ్చేలోపే అచ్చవడం, వెబ్‌సైట్లు ఎత్తుకోవడం జరిగిపోయాయి. రెండు నెలల్లోపే, పర్మిట్ లేనివాళ్లని ఇలా పట్టుకుని ఉంచే, 1982 నుంచి ఉన్న నిర్బంధ విధానాన్ని కేంద్ర ప్రభుత్వం రద్దు చేసింది.

మా ఆఫీసులో హూబేయ్ నుంచే వచ్చిన పెద్దావిడ ఒకరు ఉండేవారు. ఆ రోజుల్లో కూరగాయలకి వెళ్లినా పర్మిట్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, లోపలి జేబులో దోపి, పిన్నీసు పెట్టుకునేదాన్నని చెప్పారు. జేబు ఎక్కడుండేదో చేత్తో తడిమి చూపించారు. ఆమెలాంటి వాళ్లకి ఆ పేపర్ చేసిన మేలు మాటల్లో చెప్పలేనిది. మీ ప్రశ్నకి నా అసలు జవాబు ఆవిడే.

పేపర్ మీద అధికారుల ప్రతీకారం వార్త పేరుతో రాలేదు, డబ్బు కేసు రూపంలో వచ్చింది. 2003 డిసెంబరులో గ్వాంగ్‌జౌలో సార్స్ అనే అంటు శ్వాసకోశ జబ్బు కొత్త అనుమానిత కేసుని అధికారులకన్నా ముందే రాశారు. కొద్ది నెలల్లోనే, బోనస్‌గా పంచిన డబ్బుని అవినీతి అని చెప్పి మేనేజర్ యూ హ్వాఫెంగ్‌కి 12 ఏళ్లు, గ్రూపు అధికారి లీ మిన్‌యింగ్‌కి 11 ఏళ్లు శిక్ష వేశారు. అప్పీలులో అవి 8, 6 ఏళ్లకి తగ్గాయి. ఎడిటర్ ఛెంగ్ యీజోంగ్‌ని ఐదు నెలలకి పైగా నిర్బంధించి, ఏ అభియోగమూ మోపకుండా వదిలారు. 2005లో ఆయనకి యునెస్కో పత్రికా స్వేచ్ఛ బహుమతి వచ్చింది.

సెన్సార్ అంటే ఒక అధికారి కూర్చుని ప్రతి పేజీ దిద్దుతాడని మనవాళ్లు అనుకుంటారు. మామూలుగా అలా జరగదు. పార్టీ ప్రచార శాఖ నుంచి ఆదేశం వస్తుంది: ఫలానాది ముట్టుకోవద్దు, ఫలానాదానికి ప్రభుత్వ వార్తా సంస్థ షిన్‌హువా ఇచ్చిన వార్తే వేయండి అని. మిగతా కత్తిరింపు ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌తో ఎడిటర్లే చేసుకుంటారు. అందుకే చాలాకాలం పక్క రాష్ట్రం అవినీతి రాయడం తేలిక, సొంత ఊరిది కష్టం. పక్క రాష్ట్రం అధికారికి ఇక్కడి ఎడిటర్‌ని తీసేసే అధికారం లేదు కదా. తర్వాత ఆ దారి కూడా చాలావరకు మూసేశారు.

2013 జనవరిలో ఇదే గ్రూపు వారపత్రికలో నూతన సంవత్సర వ్యాసాన్ని ప్రచార అధికారులు మార్చేశారని విలేకరులు తిరగబడ్డారు. జనం వాళ్లకి మద్దతుగా ఆఫీసు గేటు దగ్గర పూలు పెట్టారు. 2016లో మీడియా పార్టీకి విధేయంగా ఉండాలని షీ జిన్‌పింగ్ చెప్పాక, మార్చిలో ఈ పేపర్‌లోనే ఒక ఎడిటర్ ఆ మాట పాటించలేనని రాసిచ్చి రాజీనామా చేశారు.

ఇప్పుడు ఆ పేపర్ చదవొచ్చా అంటే, చదవండి. కల్తీ సరుకులు, ఇంటి అద్దె మోసాలు, యాప్‌లు మన సమాచారం లాగేసుకోవడం, ఇలాంటివాటి మీద పనికొచ్చే వార్తలు దొరుకుతాయి. పార్టీ నాయకుల గురించి మాత్రం అందులో వెతక్కండి.