ట్యూషన్ మానేశాడని పిల్లాణ్ని వెనక బెంచీలో కూర్చోబెడితే చట్టం ఏమంటుంది?

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట. మా ఆయన టాక్సీ తోలతారు, కొండ మీదికి ట్రిప్పులు. నేను ఇంట్లో బట్టలు కుడతాను. మా అబ్బాయి ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. వాళ్ల లెక్కల సారు దగ్గరే సాయంత్రం ట్యూషన్‌కు పోయేవాడు. ఫీజు కట్టలేక దసరా సెలవుల తర్వాత మాన్పించాం. అప్పటి నుంచి వాణ్ని చివరి బెంచీకి మార్చారు. డౌట్ అడిగితే "ట్యూషన్‌కు వచ్చేవాళ్లకే చెప్తా, నువ్వు కూర్చో" అంటున్నారు. క్లాసులో "మొద్దు" అని పిలుస్తున్నారు, పిల్లలు కూడా అదే పేరు పట్టుకున్నారు. దసరాకు ముందు నోటులో ప్రతి పేజీకి టిక్కు, సంతకం ఉండేవి, తర్వాత ఒక్క పేజీ కూడా దిద్దలేదు. యూనిట్ టెస్టులో పక్కవాడూ వీడూ ఒకేలా లెక్క చేస్తే వాడికి 4 మార్కులు, వీడికి 1. మా వాడి పేపరు ఫొటో పంపుతున్నాను. కొట్టడం మాత్రం లేదు. ఆదివారం రాత్రి నుంచే కడుపునొప్పి అంటాడు. మా ఆయన స్కూలుకు పోయి సారును నిలదీస్తానంటున్నారు. పోలీసు కేసు పెట్టొచ్చా? పెడితే వాణ్ని ఫెయిల్ చేస్తారేమో, టీసీ చేతిలో పెట్టి పంపేస్తారేమో అని ఒకటే టెన్షన్.
— ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో "కొట్టడం మాత్రం లేదు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇలాంటి విషయం మీద నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఆ మాట అంటారు. దెబ్బ పడలేదు కాబట్టి చట్టం పట్టించుకోదేమో అన్న అనుమానం అందులో ఉంటుంది. అది నిజం కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో రెండు మాటలున్నాయి: శారీరక శిక్ష, మానసిక వేధింపు. రెండూ నిషేధమే. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ, ప్రైవేటు స్కూల్లో చదివేవాళ్లకు కూడా, ఇది వర్తిస్తుంది. ఆ పని చేసిన టీచరు మీద సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య తీసుకోవాలని అదే సెక్షన్ చెబుతుంది. మానసిక వేధింపు అంటే ఏమిటో జాతీయ బాలల హక్కుల కమిషన్ తన మార్గదర్శకాల్లో వివరించింది. కించపరిచే పేర్లతో పిలవడం, నలుగురిలో ఎగతాళి చేయడం, మనసు గాయపడేలా ఎత్తిపొడవడం అందులోకే వస్తాయి. "మొద్దు" అన్న పిలుపు అక్కడ అతికినట్టు సరిపోతుంది.

అయితే మీ కేసులో అన్నిటికంటే బలమైన పాయింటు ఇది కాదు. అదే చట్టంలో 28వ సెక్షన్ ఉంది, ఒక్క వాక్యమే: ఏ టీచరూ ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. మీ సారు ట్యూషన్ పెట్టడమే తప్పు. దానికి రాలేదని క్లాసులో డౌట్ చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు, ఎందుకంటే ప్రతి పిల్లవాడి స్థాయి గమనించి, అవసరమైతే అదనంగా చెప్పడం 24వ సెక్షన్ ప్రకారం ఆయన డ్యూటీ. మీరు స్కూలుకు కట్టిన ఫీజులోనే ఆ డౌట్ కూడా ఉంది. 28వ సెక్షన్‌కు జైలని గానీ జరిమానా అని గానీ చట్టంలో రాయలేదు. కానీ యాజమాన్యం ముందు మీరు కాగితం మీద ఈ సెక్షన్ రాసిచ్చాక, "మాకు తెలియదు" అనడానికి వాళ్లకు వీలుండదు.

ఇక మీ రెండు భయాలు. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లవాణ్ని స్కూలు నుంచి తీసేయడానికి లేదు. 2019లో చేసిన సవరణ తర్వాత కూడా అదే తరగతిలో ఆపడానికి రాష్ట్రాలకు అవకాశమున్నది ఐదు, ఎనిమిది తరగతుల్లోనే. మీ వాడు ఏడు. కాబట్టి లెక్కల సారు తలచుకుంటే ఫెయిల్ చేసేస్తారన్న భయం వదిలేయండి. మార్కులు తగ్గించగలరు, అంతే. టీసీ మీరు అడిగితే ఇవ్వాలి, అడగకుండా చేతిలో పెట్టడానికి లేదు. ఒకవేళ మీ స్కూలు మైనారిటీ సంస్థ అయితే మాత్రం 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు వల్ల విద్యాహక్కు చట్టం దానికి వర్తించదు. అప్పుడు కింద చెప్పబోయే బాలల న్యాయ చట్టమే మన దారి. స్కూలు ఆఫీసులో అడిగి ఇది ముందే తెలుసుకోండి.

మీ ఆయన కోపం నాకు అర్థమవుతుంది. ఘాట్ రోడ్డులో రోజంతా తిరిగి ఇంటికొస్తే కొడుకు ముడుచుకుని పడుకుని ఉంటాడు, ఏ తండ్రికైనా రక్తం మరుగుతుంది. అయినా ఆయన్ను ఒంటరిగా పంపకండి. చాలా ఏళ్ల కిందట చిత్తూరు వైపు నుంచి ఒక తండ్రి ఇలాగే స్కూలుకు పోయి, మాటా మాటా పెరిగి, టీచరు చొక్కా పట్టుకున్నాడు. మర్నాటికి కేసు ఆ తండ్రి మీద నమోదైంది. రెండేళ్లు నేను కోర్టులో ఆయన్ను కాపాడే పనిలోనే ఉన్నాను. ఆ పిల్లకు స్కూల్లో ఏం జరిగిందని ఆ రెండేళ్లలో ఎవరూ అడగలేదు. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ నాకు గుర్తే. అదే ప్రభుత్వ టీచరు మీద చెయ్యి చేసుకుంటే ప్రభుత్వోద్యోగి విధులకు అడ్డుపడ్డారన్న సెక్షన్ కూడా తోడవుతుంది. క్లాసు వాట్సాప్ గ్రూపులో సారు పేరు పెట్టి తిట్టినా పరువునష్టం కేసుకు మనమే దారి చూపినట్టు.

మీరు పంపిన ఆన్సర్ పేపరు ఫొటో పెద్దది చేసి చూశాను. నాలుగో ప్రశ్న. పిల్లవాడు మెట్లన్నీ వరుసగా వేశాడు, చివర జవాబు కింద రెండు గీతలు కూడా గీశాడు. దాని మీద ఎర్ర ఇంకుతో అడ్డంగా ఒక గీత, పక్కన 1. ఎక్కడ తప్పు జరిగిందో ఒక్క అక్షరం రాయలేదు. ఆ కాగితం జాగ్రత్తగా దాచండి. నోటు పుస్తకం కూడా అంతే. దసరాకు ముందు ప్రతి పేజీలో టిక్కు, సంతకం ఉన్నాయని, తర్వాత ఒక్క పేజీ కూడా దిద్దలేదని అన్నారు కదా, ఆ తేడా ఎవరికి చూపించినా విడమరచి చెప్పక్కర్లేదు. ట్యూషన్ డబ్బులు ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ వివరాలు ప్రింటు తీయించండి. సారు పంపిన మెసేజీలు, వాయిస్‌లు ఉంటే డిలీట్ చేయకండి, ఆ ఫోను మార్చకండి. రేపు కోర్టు దాకా పోవలసి వస్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జత చేయాలి, అసలు ఫోను ఉంటే ఆ పని తేలిక. పిల్లవాడి జేబులో మాత్రం ఫోను పెట్టి రికార్డు చేసుకుని రమ్మనకండి. దొరికితే తప్పు వాడిదవుతుంది, పైగా పన్నెండేళ్ల వాడి మీద మోపవలసిన బరువు కాదది.

పక్కవాడి పేపరును రుజువుగా తేవద్దు. ఆ పిల్లవాడు రేపు అదే సారు ముందు కూర్చోవాలి. "మా అబ్బాయి పేపరును స్కూల్లోని ఇంకో లెక్కల టీచరుతో మా ఎదుట తిరిగి దిద్దించండి" అని అడగండి, చాలు.

ముందుగా ప్రిన్సిపాల్‌ను ఒకసారి కలవండి, మీరూ మీ ఆయనా ఇద్దరూ. చాలా సందర్భాల్లో అక్కడే తేలిపోతుంది. నేను చూసిన వాటిలో ఒక టీచరమ్మకు తాను ఆ పిల్లను పక్కన పెడుతున్న సంగతే తట్టలేదు. తల్లి మెల్లగా చెప్పగానే కళ్లనీళ్లు పెట్టుకుంది, మర్నాటి నుంచి మారింది. మీ సారు కూడా అలా మారితే అంతకంటే కావలసిందేముంది? కానీ మాటతో పాటు కాగితం కూడా ఇచ్చి రండి. ఇది మాత్రం మరిచిపోవద్దు. నోటిమాటకు రేపు ఉనికి ఉండదు. తెలుగులోనే రాయండి, ఒక్క పేజీ మించకుండా. విశేషణాలు వద్దు, తేదీలు కావాలి. ఇలా:

"మా కుమారుడు ఫలానా సెక్షన్‌లో ఏడో తరగతి చదువుతున్నాడు. ఫలానా తేదీ వరకు లెక్కల ఉపాధ్యాయుని వద్ద ప్రైవేటు ట్యూషన్‌కు వెళ్లి మానేశాడు. ఫలానా తేదీ నుంచి వాణ్ని చివరి బెంచీకి మార్చారు. ఫలానా తేదీన సందేహం అడిగినప్పుడు 'ట్యూషన్‌కు వచ్చేవాళ్లకే చెప్తా' అన్నారు. నోటు పుస్తకం దిద్దలేదు (జిరాక్సు జతచేశాం). ఇది విద్యాహక్కు చట్టం 17, 24, 28 సెక్షన్లకు విరుద్ధం. విచారించి, తీసుకున్న చర్యను పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయగలరు."

రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద స్కూలు ముద్ర, తేదీ వేయించుకోండి. వాళ్లు తీసుకోవడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఈ పదిహేను రోజులు చట్టంలో ఉన్న గడువు కాదు, మనం పెట్టుకునేదే.

కదలిక లేకపోతే అదే కాగితం మీద మండల విద్యాధికారికి, జిల్లా విద్యాశాఖాధికారికి ఫిర్యాదు చేయండి. 32వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు స్థానిక సంస్థకు ఇవ్వాలి కాబట్టి నగరపాలక సంస్థ కమిషనరుకు కూడా ఒక కాపీ పంపండి. మూడు నెలల్లో తేల్చాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ ఇవ్వొచ్చు. నంబరు పడుతుంది, ఫైలు ఎక్కడుందో తర్వాత అడగడానికి ఆధారం దొరుకుతుంది.

పోలీసు కేసు గురించి అడిగారు. బాలల న్యాయ చట్టం 2015లో 75వ సెక్షన్ ఉంది. పిల్లవాడు ఎవరి అధీనంలో ఉంటాడో వాళ్లే అనవసరమైన శారీరక, మానసిక బాధ పెడితే మూడేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. పిల్లల సంరక్షణ చూసే సంస్థ ఉద్యోగి అయితే శిక్ష ఐదేళ్ల దాకా, జరిమానా ఐదు లక్షల దాకా పోతుంది. ఈ సెక్షన్ ఉందని తెలిసి ఉండండి, కానీ ఇవాళే స్టేషన్‌కు పొమ్మని నేను చెప్పను. కేసు నడిచినన్ని రోజులూ మీ వాడు సాక్షిగా అదే కథ మళ్లీ మళ్లీ చెప్పాలి. మీకు ఇప్పుడు కావలసింది సారు జైలుకు పోవడం కాదు, పిల్లవాడు సోమవారం భయం లేకుండా బడికి పోవడం. ఫిర్యాదు ఇచ్చాక కక్షగట్టి వేధింపు పెంచితే నాకు మళ్లీ రాయండి, అప్పుడు ఈ దారి చూద్దాం.

దెబ్బ పడిన రోజు లెక్క వేరు. వెంటనే రుయా ఆసుపత్రిలో చూపించి, దెబ్బ ఎలా తగిలిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి రాయించండి, అదే రోజు ఫిర్యాదు ఇవ్వండి. కులం పేరుతో దూషించినా, ఒంటి మీద చెడుగా చెయ్యి వేసినా ప్రిన్సిపాల్ దాకా ఆగనక్కర్లేదు, నేరుగా పోలీసులే. రాత్రయినా పగలైనా 1098కు ఫోన్ చేయొచ్చు.

వకీలు ఫీజు గురించి దిగులు వద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలకు, పిల్లలకు ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. 15100కు ఫోన్ చేయండి, లేదా చిత్తూరు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు తెల్ల కాగితం మీద అర్జీ పెట్టండి.

ఇంకొక్క మాట. కడుపునొప్పిని నాటకమనుకోవద్దు. ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి, ఆ చీటీ కూడా ఫైల్లో పెట్టండి. ఈ రాత్రే వాడి పక్కన కూర్చుని, తప్పు వాడిది కాదని, అమ్మా నాన్నా స్కూలుకు వచ్చి మాట్లాడబోతున్నారని చెప్పండి. ప్రిన్సిపాల్‌తో మాట్లాడేటప్పుడు మాత్రం వాణ్ని గదిలోకి తీసుకెళ్లకండి, బయట కూడా నిలబెట్టకండి. ఆ గంట వాడు క్లాసులోనే ఉండనివ్వండి.