మూడున్నర నెలల పాప మళ్లీ గంటకోసారి లేస్తోంది, నా పాలు చాలట్లేదంటారా?

మీరు రాసిన దాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. పాపకి మూడున్నర నెలలు, మీ పాలు తప్ప ఇంకేం పట్టట్లేదు. పోయిన నెల రాత్రి పదింటికి పడుకుంటే మూడింటిదాకా లేచేది కాదు. పది రోజులుగా గంటకీ గంటన్నరకీ లేస్తోంది. పగలేమో రెండు నిమిషాలు తాగి మొహం తిప్పేస్తోంది. మీ అత్తగారు పాలు చాలట్లేదని, పడుకోబెట్టే ముందు ఒక సీసా డబ్బా పాలు పట్టమని అంటున్నారు. డబ్బా తెరిచే ముందు నా సంగతి ఒకసారి వినండి. ఇద్దరు పిల్లల్ని పెంచాను. మొదటిసారి ఇక్కడే పొరపాటు చేశాను.

మా బాబు పుట్టినప్పుడు కాకినాడలో మా అమ్మ దగ్గర ఉన్నాను. ఆరో వారంలో వాడు సాయంత్రం ఆరింటికి రొమ్ము పట్టుకుంటే రాత్రి పదిదాకా వదిలేవాడు కాదు. తాగడం, పది నిమిషాలు కునుకు తీయడం, మళ్లీ గుక్కపట్టి ఏడవడం. సరిగ్గా అప్పుడే నా రొమ్ములు మెత్తబడ్డాయి. అంతకు ముందు పాలు కారి జాకెట్టు తడిసిపోయేది, అదీ ఆగిపోయింది. పాలు ఎండిపోయాయని చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ అన్నారు, నేనూ నమ్మాను. రాత్రిపూట అరవై మిల్లీలీటర్లు పట్టడం మొదలుపెట్టాం. వాడు నాలుగు గంటలు పడుకున్నాడు, నేనూ పడుకున్నాను, అందరికీ హాయి అనిపించింది. వారం తిరిగేసరికి అది రెండు సీసాలయింది, ఆ పై వారం మూడు. నాలుగో నెలకి నిజంగానే నాకు పాలు తగ్గిపోయాయి. వాడు డబ్బా పాలతో చక్కగానే పెరిగాడు, ఆ పాలు పట్టిన తల్లుల్ని నేను తప్పు పట్టను. కానీ నా పాలు చాలినా నేనే ఆపుకున్నానన్న బాధ ఇప్పటికీ ఉంది.

అప్పుడు నాకు ఎవరూ చెప్పని విషయం ఇదీ. నదిలో చెలమ తోడేకొద్దీ నీళ్లు ఊరతాయి కదా, పాలూ అంతే. రొమ్ము ఖాళీ అయితే తయారీ వేగం పెరుగుతుంది, నిండుగా ఉండిపోతే తగ్గుతుంది. సీసా పట్టిన పూట బిడ్డ రొమ్ము తాగదు, ఆ పూట అక్కర్లేదని ఒంటికి కబురు వెళ్లిపోతుంది. ఆరు వారాలప్పుడు రొమ్ములు మెత్తబడటం పాలు పోవడం కాదు, బిడ్డకి ఎంత కావాలో అంతే ఊరడం ఒంటికి అలవాటైందన్నమాట. రెండు మూడు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు, మూడు నెలలప్పుడు చాలామంది పిల్లలు కొన్ని రోజులపాటు ఎడతెరిపి లేకుండా తాగుతారు. ఆ నాలుగు రోజులూ అడిగినప్పుడల్లా ఇస్తే పాలు వాటంతట అవే పెరుగుతాయి.

మూడు, నాలుగు నెలల మధ్య ఇంకోటి కూడా తోడవుతుంది. ఈ వయసులో బిడ్డ నిద్ర తీరే మారిపోతుంది. మనలాగే కాసేపు తేలిక నిద్ర, కాసేపు గాఢ నిద్ర అని దశలు ఏర్పడతాయి. ఒక్కో విడత ముప్పావు గంట, యాభై నిమిషాలు ఉంటుంది. విడత అయిపోయినప్పుడు మనకీ కొంచెం మెలకువ వస్తుంది, పక్కకి తిరిగి పడుకుంటాం. వాళ్లకి అదింకా చేతకాదు, ఏ రొమ్ము దగ్గర నిద్రపోయారో దాన్నే వెతుక్కుంటారు. కాబట్టి లేచిన ప్రతిసారీ ఆకలే అనుకోనక్కర్లేదు.

పగలు తాగకపోవడం సంగతి మా పాప దగ్గర బాగా తెలిసింది. బాబు తర్వాత ఐదేళ్లకి, హైదరాబాదులో పుట్టింది. నాలుగో నెల రాగానే హాల్లో కూర్చుని పాలిస్తుంటే వంటింట్లో కుక్కర్ కూత పెట్టేది. చటుక్కున వదిలేసి అటు తిరిగేది. అప్పటికే చేపు వచ్చిన పాలు దాని చెంప మీద, చెవిలో పడేవి. తుడిచి మళ్లీ పట్టిస్తే ఈసారి ఫ్యాన్ చూసేది, తర్వాత వాళ్లన్న బంతి చూసేది. రోజంతా ఇలా అర కడుపుతో ఉండి, లోకం సద్దుమణిగాక రాత్రంతా కూర్చోబెట్టి తాగేది. మీ పాప చేస్తున్నదీ ఇదే అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

నేనేం చేశానంటే, పగలు నాలుగైదు సార్లు పడకగదిలోకి తీసుకెళ్లి తలుపేసి, పరదా లాగి, ఫోను బయట పెట్టి పాలిచ్చాను. నిద్రలోంచి అప్పుడే లేచి ఇంకా మత్తుగా ఉన్నప్పుడు ఇస్తే మొహం తిప్పకుండా పది నిమిషాలు తాగేది. రాత్రి మాత్రం లైటు వేయలేదు, మాట్లాడలేదు, మరీ తడిస్తే తప్ప డైపర్ మార్చలేదు. కదిలిన వెంటనే ఎత్తుకోకుండా కడుపు మీద చెయ్యి వేసి నిమిషం చూసేదాన్ని. మూడుసార్లలో ఒకసారైనా మళ్లీ పడుకునేది. ఏడిస్తే మాత్రం ఆగలేదు, ఇచ్చేశాను. రెండున్నర వారాలకి ఐదారు సార్లు లేచేది రెండు మూడుకి వచ్చింది. ఆరో నెలలో మళ్లీ తారుమారైంది, అది వేరే కథ.

ఇక అసలు పాలు చాలుతున్నాయా లేదా అన్నది నిద్రని చూసి తేల్చకండి. పాప టీకాకి తీసుకెళ్లినప్పుడు అక్కడి నర్సమ్మ నాతో అన్న మాట ఇంకా గుర్తుంది. 'ఎన్నిసార్లు లేచిందో కాదమ్మా, ఎన్నిసార్లు పోసిందో చెప్పు.' రోజుకి ఆరుకి తగ్గకుండా ఒంటేలు పోస్తూ, అది లేత రంగులో ఉంటే కడుపు నిండుతున్నట్టే. డైపర్ వేస్తే లెక్క తెలియదు, ఒక రోజు పాత నూలు చీర గుడ్డలు కట్టి చూడండి. విరేచనం రెండు మూడు రోజులకోసారి అవుతున్నా, మెత్తగా ఉండి బిడ్డ హుషారుగా ఉంటే ఈ వయసులో కంగారు లేదు. రెండోది బరువు. వారానికి సుమారు 100 నుంచి 150 గ్రాములు పెరుగుతుంటే బాగున్నట్టు. తల్లీబిడ్డల కార్డులో బరువు గీత ఉంటుంది, దాని మీద చుక్కలు పైకి పోతున్నాయో లేదో చూడండి. ఒంటేలు తగ్గినా, ముదురు పసుపుగా వచ్చినా, బరువు ఆగిపోయినా, బిడ్డ మందకొడిగా ఉండి లేపినా తాగకపోయినా, జ్వరం వచ్చినా మా అందరి మాటలూ పక్కన పెట్టి అదే రోజు పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నిజంగా పాలు చాలని తల్లులూ ఉంటారు, అప్పుడు డాక్టర్ చెప్పిన కొలతలో పై పాలు పట్టడంలో ఏ తప్పూ లేదు.

నిద్ర పడుతుందని ఎవరేం చెప్పినా తేనె నాకించకండి. ఏడాది లోపు పిల్లలకి తేనెతో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. వస కొమ్ము అరగదీసి పట్టడం, గ్రైప్ వాటర్, చెంచాడు నీళ్లు కూడా వద్దు. ఆరు నెలలదాకా ఎండాకాలంలో సైతం తల్లిపాలే చాలు. రాత్రి పడుకోబెట్టి పాలిచ్చాక పాపని వెల్లకిలా పడుకోబెట్టి, దగ్గర్లో దిండ్లూ దుప్పట్లూ తీసేయండి. ఎంత అలసటగా ఉన్నా సోఫాలో కూర్చుని పాలిస్తూ నిద్రపోవద్దు, అది చాలా ప్రమాదం.

మీ అత్తగారితో వాదించకండి. ఆవిడా పాప ఆకలితో ఉందేమోనన్న బెంగతోనే అంటున్నారు. ఆ గుడ్డలు లెక్కపెట్టే పని ఆవిడకే అప్పగించండి. మా ఇంట్లో అలాగే చేశాం. మధ్యాహ్నానికే నాలుగు తడి గుడ్డలు తీగ మీద ఆరేసరికి మా అత్తయ్య డబ్బా మాట ఎత్తలేదు, పైగా తెల్లవారుజామున పాపని ఎత్తుకుని నన్ను రెండు గంటలు పడుకోనిచ్చారు.

రేపు దగ్గర్లోని అంగన్‌వాడీలో తూకం వేయించండి. పది వారాల టీకా అప్పటి బరువు కార్డులో ఉండే ఉంటుంది. రెండు బరువులూ, రేపటి తడి గుడ్డల లెక్కా ఇక్కడ రాయండి, రాత్రి చూస్తాను.