ఎత్తు ట్యాంకులో పగడాలకు వెలుతురు: పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవికి,

హ్యూస్టన్ నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు రాత్రి కంప్యూటర్‌లో పెద్దవి చేసుకుని చూశాను. పగడాలు పెంచే నీ ఉప్పునీళ్ళ ట్యాంక్ ముచ్చటగా ఉంది. కానీ అడుగున ఇసుకలో పెట్టిన టార్చ్ కోరల్ గోధుమరంగుకి తిరిగి, మెడ సాచి పైకి చూస్తోంది. పైన రాతి కొసన ఉన్న కొమ్మల పగడం అక్రోపొరా మాత్రం లైటు వైపు పాలిపోయింది. ఒకే నీళ్ళలో ఒకదానికి ఆకలి, ఇంకోదానికి వడదెబ్బ. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ఇంకో లైటు కొంటానన్నావు. ఇప్పుడే కొనకు నాన్నా. ముప్పై అంగుళాల ఎత్తున్న ట్యాంకు ఒక గది కాదు, మూడంతస్తుల ఇల్లనుకో. పై అంతస్తులో ఎండ, మధ్యలో వరండా నీడ, కింద దీపం వెలుతురు. అడుగున కూడా ఎండ కాయాలని లైట్లు పెంచుకుంటూ పోతే పైనున్నవి మాడిపోతాయి. ఏ అంతస్తులో ఏది ఉండాలో చూసుకుని, ఎండ కావాల్సిన వాటికి రాళ్ళు పైకి కట్టు. ఇన్నేళ్ళలో నాకు ఎత్తు ట్యాంకులో పనిచేసింది ఇదొక్కటే.

పగడం ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురం ఉంటుందని నీకు తెలుసు. పగలంతా అది వండి పెడుతుంది, పగడం తింటుంది. మనం పెంచే చాలా రీఫ్ (పగడపు దిబ్బ) పగడాల తిండిలో ఎక్కువ భాగం అక్కడిదే. వెలుతురు తక్కువైతే ఆ నాచు దట్టమై పగడం గోధుమరంగుకి తిరుగుతుంది. మరీ ఎక్కువైతే నాచు తయారుచేసే ఆక్సిజనే విషంగా మారి, పగడం ఆ నాచుని బయటికి నెట్టేసి పాలిపోతుంది. నీ రెండు ఫోటోల్లో కనిపించేది ఇదే.

వెలుతురుని నీళ్ళు తాగేస్తున్నాయని అనుకుంటున్నావేమో. తేట నీళ్ళలో రెండున్నర అడుగులు దిగినా నీలం వెలుతురు దాదాపు అలాగే ఉంటుంది, ఎరుపులో మాత్రం ఐదోవంతో, అంతకన్నా కాస్త ఎక్కువో తగ్గిపోతుంది. పగడం నాచుకి ముఖ్యంగా కావాల్సింది నీలమే. మరి అడుగున చీకటి ఎందుకంటే, వెలుతురు పరుచుకుపోతుంది. టార్చిలైటు గోడకి దగ్గరగా పెడితే చిన్న గుండ్రం, వెనక్కి జరిగితే గోడంతా మసక. లైటు పైకి ఎత్తినా, ట్యాంకు లోతు పెరిగినా జరిగేది అదే.

అందుకే ముందు కొలువు. ఫోన్‌లో లక్స్ యాప్‌తో చూశానన్నావు, అది ఇక్కడ పనికిరాదు. లక్స్ మనిషి కంటికి తగ్గ కొలత. మన కంటికి ఆకుపచ్చ బాగా తెలుస్తుంది, రీఫ్ లైట్లలో ఉండేది ఎక్కువగా నీలం. పార్ మీటర్ కావాలి, అంటే నాచు తిండి వండుకోవడానికి వాడే వెలుతురుని కొలిచేది. నా దగ్గరున్నది అపోజీ వాళ్ళ ఎంక్యూ-510, నీళ్ళలో ముంచి కొలవడానికే చేసినది. ఖరీదు ఎక్కువే, కొనక్కర్లేదు. మీ ఊరి రీఫ్ క్లబ్‌లో అడుగు, చాలా క్లబ్బుల వాళ్ళు సభ్యులకి వారం రోజులు అరువిస్తారు.

కొలిచేటప్పుడు సెన్సర్ తెల్లటి ముఖం తిన్నగా పైకప్పు వైపు ఉండాలి. కాస్త వాలినా అంకె పడిపోతుంది. నేను పొడవాటి పీవీసీ పైపు చివర సెన్సర్‌ని జిప్ టైతో బిగించి, పైపు మీద ఆరేసి అంగుళాలకి మార్కర్‌తో గీతలు పెట్టుకున్నాను. పంపులు తిరుగుతుంటే అలల వల్ల అంకె 180, 250 మధ్య ఎగురుతూ ఉంటుంది. కంగారుపడకుండా అర నిమిషం చూసి మధ్య అంకె రాసుకో. నా ట్యాంకులో లైటు కింద నడిమధ్యన ఆరంగుళాల లోతులో 340, పన్నెండులో 230, పద్దెనిమిదిలో 150, ఇరవై నాలుగులో 100. అదే అడుగున మూలకి జరిపితే 45. రెండు అడుగుల దూరంలో ఇంత తేడా ఉంటే కంటితో చూసి ఎలా చెప్పగలం? మన కన్ను నిమిషంలో సర్దుకుపోతుంది, పగడం అంత త్వరగా సర్దుకోలేదు.

ఆ అంకెల పక్కన పగడాల పేర్లు రాసుకో. అక్రోపొరా లాంటి కొమ్మల పగడాలకి 200 నుంచి 350. టార్చ్, హ్యామర్‌లకి 80 నుంచి 150. మష్రూమ్ పగడాలు, జోవాంథిడ్స్ అనే చిన్న మెత్తటి జీవులు 50 నుంచి 100లో హాయిగా ఉంటాయి. సముద్రం పైన మిట్టమధ్యాహ్నం ఎండ 2000 దాకా ఉంటుంది, దాన్ని ఇంట్లోకి తేవాలని ప్రయత్నించకు. అడుగు మూలలు ఖాళీగా ఉండటం నచ్చకపోతే సన్ కోరల్ పెట్టు. దానికి నాచు లేదు, వెలుతురు అక్కర్లేదు, కానీ నువ్వే తినిపించాలి. ఆఫీసు నుంచి రోజూ ఆలస్యంగా వచ్చేవాడివి, ఆలోచించుకో.

రాళ్ళు ఎత్తేటప్పుడు బరువు ఇసుక మీద కాకుండా అడుగు అద్దం మీదే ఆనాలి. ఇసుకలో బొరియలు తవ్వే చేప ఒక్కటి ఉన్నా స్తంభం ఒరిగిపోతుంది. రాళ్ళకి రంధ్రాలు చేసి, యాక్రిలిక్ కడ్డీ గుచ్చి, రీఫ్ సిమెంటుతో అతికించు. పైన కనీసం ఆరంగుళాల నీళ్ళు వదులు. పైకి వెళ్ళేకొద్దీ రాయి సన్నబడేలా, మెట్లు మెట్లుగా కట్టు. గొడుగులా కడితే దాని కిందంతా చీకటే. కొమ్మలు పెరిగాక అవి కూడా నీడ పడతాయి కాబట్టి ఏడాదికోసారైనా కత్తిరించాలి. రాళ్ళ మీద జోవాంథిడ్స్ ఉంటే చేతికి గ్లౌజులు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. వాటిలో పాలీటాక్సిన్ అనే గట్టి విషం ఉండొచ్చు. ఆ రాళ్ళని వేడినీళ్ళలో ఎప్పుడూ వేయకు.

లైటు ఎత్తు, లెన్స్ కూడా చూసుకో. కోణం వెడల్పుగా ఉన్న లెన్స్ అయితే వెలుతురు పక్కలకి పోతుంది. ఇరుకు లెన్స్ లోతుకి దింపుతుంది, కానీ సరిగ్గా దాని కింద ఉన్న పగడాన్ని కాలుస్తుంది. నీ లైటు నీళ్ళకి నాలుగంగుళాల ఎత్తులోనే ఉన్నట్టుంది. తొమ్మిది, పదికి ఎత్తి మళ్ళీ కొలువు. పైన అంకె తగ్గుతుంది, మూలల్లో కాస్త సమం అవుతుంది. పక్క అద్దాలు కూడా శుభ్రంగా ఉంచు. ఆ అద్దాలకి లోపలి నుంచి తగిలిన వెలుతురు చాలావరకు మళ్ళీ లోపలికే వస్తుంది. అద్దం మీద నాచు పొర ఉంటే అక్కడే ఆగిపోతుంది.

లెన్స్ మీద ఉప్పు పొర సంగతి చాలామంది పట్టించుకోరు. నీటి తుంపర ఎండి, వేలితో రాస్తే గరగరమనే తెల్లటి పొర కడుతుంది. ఒకసారి నా ట్యాంకులో అదే చోట, అదే లోతులో 92 చూపించిన మీటర్ ఆర్ఓ నీళ్ళతో తడిపిన మెత్తటి గుడ్డతో లెన్స్ తుడిచాక 113 చూపించింది. కొత్త లైటు కొన్నంత లాభం. రెండు వారాలకోసారి, లైటు ఆపి చల్లారాక తుడువు.

నీళ్ళ రంగు కూడా చూడాలి. కాకినాడ దగ్గర సముద్రం నీకు గుర్తుందా? గోదావరి మట్టితో నీళ్ళు ఎప్పుడూ కలకగానే ఉంటాయి, వెలుతురు లోతుకి దిగదు. లక్షద్వీప్, అండమాన్‌లలో కట్టినట్టు పగడపు దిబ్బలు అక్కడ కట్టకపోవడానికి అదొక పెద్ద కారణం. మన ట్యాంకులో మట్టి ఉండదు కానీ తిండి కుళ్ళి నీళ్ళు మెల్లగా పసుపెక్కుతాయి, ఆ పసుపు తినేది నీలాన్నే. తెల్ల బకెట్లో ట్యాంకు నీళ్ళు, ఇంకో దాంట్లో కొత్త ఉప్పునీళ్ళు పోసి పక్కపక్కన పెట్టి చూడు. తేడా కనిపిస్తే యాక్టివేటెడ్ కార్బన్ వేయి. వేసిన రోజే లైటు 15 శాతం తగ్గించు, ఎందుకంటే నీళ్ళు ఒక్కసారిగా తేటపడితే పగడానికి ఎండ ఒక్కసారిగా పెరిగినట్టే.

ఇది చెప్పడానికి నాకో కారణం ఉంది. 2013లో పాత మెటల్ హాలైడ్ బల్బులు తీసేసి ఎల్ఈడీలు బిగించాను. అమ్మినతను ఫుల్‌లో పెట్టుకోండి, ఏం కాదన్నాడు. నేనూ అలాగే పెట్టాను. ఐదో రోజు పొద్దున్న లైట్లు వెలిగేసరికి నా అక్రోపొరాలు ఏడూ తెల్లగా ఉన్నాయి. చచ్చిపోయాయనుకుని తీసి పారేయబోయాను. భూతద్దం పెట్టి చూస్తే ఎముక మీద గాజులాంటి పల్చటి చర్మం ఇంకా ఉంది, చిన్న పాలిప్స్ (పగడం పువ్వుల్లాంటి నోళ్ళు) కదులుతున్నాయి. చచ్చిపోయిన చోట అయితే చర్మమే ఉండదు, ఒట్టి సున్నం గరుకుగా కనిపిస్తుంది. లైటు సగానికి తగ్గించి నెలల తరబడి కాచుకుంటే ఏడింటిలో మూడు బతికాయి. ఆ నాలుగింటి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాబట్టి నీ అక్రోపొరాని కూడా పారేయకు, భూతద్దం పెట్టి చూడు. లైటు 40 శాతానికి దించు. రంగు తిరిగి పట్టడం మొదలయ్యాక వారానికి 5 శాతం చొప్పున పెంచు, టెన్షన్ పడి పది పెంచకు. నీళ్ళ వేడి 26 డిగ్రీలు దాటనివ్వకు, వెలుతురు దెబ్బకి వేడి తోడైతే కోలుకోవడం కష్టం. నైట్రేట్ సున్నా ఉంటే ముందు అది సరిచేయి, ఆకలితో ఉన్న పగడం గట్టి వెలుతురుకి తట్టుకోలేదు. వెలుతురు పెరిగేకొద్దీ పగడం ఎముక వేగంగా కట్టుకుంటుంది, అందుకని ఆల్కలినిటీ (ఎముకకి కావాల్సిన కార్బొనేట్లు నీళ్ళలో ఎంత ఉన్నాయో చెప్పే కొలత) మూడు రోజులకోసారి పరీక్ష చేస్తూ ఉండు. 8, 9 డీకేహెచ్ మధ్య నిలకడగా ఉంటే చాలు.

టార్చ్‌ని ఒక్కరోజులో ఇసుక మీంచి పైకి ఎక్కించకు. ముందు ఆరంగుళాలు, రెండు వారాల తర్వాత ఇంకో నాలుగు. మీటర్‌లో 100 చూపించే చోట ఆపెయ్.

ఇంకోటి. సంక్రాంతికి హైదరాబాద్ వెళ్ళేటప్పుడు మీ బాబాయికి ఒక పగడం ముక్క తీసుకెళ్తానన్నావని మీ అమ్మ చెప్పింది. వద్దు నాన్నా. మన దేశంలో రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులి ఉన్నదీ అదే షెడ్యూలులో. ఫోటోలు తీసుకెళ్ళి చూపించు, ఆయన సంతోషిస్తాడు.

ఈ శనివారం క్లబ్ నుంచి మీటర్ తెచ్చుకో. నాలుగు మూలలూ, నడిమధ్యా, ఒక్కోచోట నాలుగేసి లోతుల్లో కొలిచి, కాగితం మీద ట్యాంకు బొమ్మ గీసి అంకెలు వేసి వాట్సాప్‌లో పంపు. అప్పటిదాకా రాళ్ళు కదపకు. ఆదివారం పొద్దున్న నేనే ఫోన్ చేస్తాను, ఇద్దరం ఆ కాగితం చూసుకుంటూ ఏది ఎక్కడ పెట్టాలో మాట్లాడుకుందాం.

మీ పెద్దమ్మ