ఐసోఫిక్స్ లేని పాత కారులో 10 నెలల పాపకు సీటు: బెల్టు ఏ దారిలో వెళ్ళిందో ముందు చూడండి

మీరు అడిగింది ఇదీ: పాపకు 10 నెలలు, బరువు ఎనిమిదిన్నర కిలోలు. కారు పాతది, ఐసోఫిక్స్ (పిల్లల సీటును బెల్టు లేకుండా నేరుగా కారుకే తగిలించే కొక్కేలు) లేదు. నెలకోసారి నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్ళాలి. సీటు ఎంత బిగించినా ఊగుతోంది, అత్తగారేమో ఒళ్ళో పెట్టుకుంటే సరిపోదా అంటున్నారు. మూడేళ్ళ కిందట మాదీ అచ్చం ఇదే పరిస్థితి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మేముండేది కావలిలో, మా పుట్టిల్లు ఒంగోలు. బాబుకు తొమ్మిదో నెలలో సీటు కొన్నాం. కొన్నచోటే ఒక కుర్రాడు పది నిమిషాల్లో బిగించి ఇచ్చాడు. బకిల్ టక్‌మని పడింది కదా అని నమ్మేశాం. టంగుటూరు టోల్‌గేటు దగ్గర ముందు లారీ ఆగితే మా ఆయన బ్రేక్ వేశారు, అదీ గట్టిగా కాదు. సీటు బాబుతో సహా తలుపు వైపు ఒరిగిపోయింది. వాడికేం కాలేదు గానీ ఒంగోలు చేరేదాకా నా చేతుల్లో వణుకు తగ్గలేదు. ఆ రాత్రి మాన్యువల్ తీసి మొదటి పేజీ నుంచి చదివితే తప్పు దొరికింది. వెనక్కి తిరిగి (బాబు ముఖం కారు వెనక వైపుకు) ఉన్న సీటుకు, ముందుకు తిరిగినప్పుడు వాడాల్సిన దారిలో బెల్టు దూర్చారు.

మీరూ ముందు అదే చూడండి. రెండు వైపులా తిప్పుకునే సీట్లకు బెల్టు వెళ్ళే దారులు రెండుంటాయి. చాలావాటిలో వెనక్కి తిరిగినప్పటి దారికి నీలం గుర్తు, ముందుకు తిరిగినప్పటి దారికి ఎరుపు గుర్తు ఉంటాయి. 10 నెలల పాపకు వెనక్కి తిరిగిన సీటే సరైనది. ఈ వయసులో తల బరువెక్కువ, మెడ లేతగా ఉంటుంది. గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బను మెడ ఒక్కటే మోయకుండా వీపంతా, తల వెనకంతా పంచుకోవాలి. ఆర్129 (పిల్లల సీట్ల భద్రతకు ఐక్యరాజ్యసమితి పెట్టిన ప్రమాణం) ఉన్న సీట్లలో 15 నెలలు నిండేదాకా వెనక్కే ఉంచాలని నియమం. సీటు బరువు, ఎత్తు పరిమితుల్లో ఉన్నంతకాలం ఆ తర్వాత కూడా అలాగే ఉంచడం మంచిది. కాళ్ళు ముడుచుకుపోతున్నాయని బెంగ వద్దు, పిల్లలకు అది ఇబ్బంది కాదు.

ఇక బిగించడం. వెనక ఎడమ సీటు తీసుకోండి. రోడ్డు పక్కకు ఆపి పాపను దించేటప్పుడు వాహనాల వైపు దిగక్కర్లేదు. చాలా పాత కార్లలో మధ్య సీటుకు నడుం బెల్టు ఒక్కటే ఉంటుంది, మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప అక్కడ పెట్టొద్దు. ముందు సీట్లో, ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుంటే, వెనక్కి తిరిగిన సీటు అసలు పెట్టకూడదు. అది విచ్చుకుంటే సరిగ్గా పాప తల వెనక కొడుతుంది.

బెల్టును మెలి పడకుండా దారిలో దూర్చి బకిల్ వేయండి. సీటు మీద అరచేయి ఆనించి మీ బరువంతా మోపండి. ఇంకో చేత్తో ముందు నడుం భాగంలోని వదులును, తర్వాత భుజం భాగాన్ని లాగండి. ఒక్కరివల్ల కాకపోతే ఇద్దరు చేయండి, మేం అలాగే చేశాం. మన కార్ల బెల్టులు ఎక్కువగా కుదుపు వస్తేనే పట్టుకుంటాయి, మెల్లగా లాగితే వస్తూనే ఉంటాయి. అందుకే సీటుకు లాక్ క్లిప్ (బెల్టు జారకుండా పట్టి ఉంచే క్లిప్) ఉంటే తప్పకుండా వేయాలి. మొదట్లో మేం దాన్ని చూడనే లేదు. కారు బకిల్ కాడ పొడుగై సీటు అంచు మీద వంగుతుంటే కూడా బిగువు నిలవదు, అప్పుడు ఇంకో వైపు ప్రయత్నించాలి.

మీ సీటు ఊగుతోందన్నారు, ఎక్కడ పట్టుకుని ఊపుతున్నారు? పాప తల ఉండే పైభాగం పట్టుకుంటే వెనక్కి తిరిగిన ఏ సీటైనా కొంత కదులుతుంది. బెల్టు దూరిన చోట పట్టుకుని అటూ ఇటూ లాగండి. అక్కడ రెండున్నర సెంటీమీటర్లు మించి కదలకపోతే బాగానే బిగిసినట్టు. వాలు ఎంతో సీటు మీది గీత చూపిస్తుంది. పాప గడ్డం రొమ్ముకు ఆనేంత నిటారుగా ఉంచొద్దు, ఊపిరికి ఇబ్బంది.

పాపను కట్టే పట్టీలు భుజం ఎత్తుకు సమానంగా గానీ కొంచెం కిందనుంచి గానీ రావాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడండి. మడత దొరికిందంటే వదులుగా ఉన్నట్టే. కింద దిండ్లు, తువ్వాళ్ళు వేయొద్దు. మందపాటి స్వెట్టర్ ఉంటే విప్పి కట్టి, దుప్పటి పైన కప్పండి.

సీటు మీద ఆర్44/04 (ఆర్129 కంటే పాత ప్రమాణం) లేదా ఆర్129 అని ఉన్న నారింజ రంగు లేబుల్ కోసం వెతకండి. ఎవరో వాడేసింది తీసుకునేటట్టయితే, అది ప్రమాదంలో పడలేదని మీకు ఖాయంగా తెలిసినప్పుడే తీసుకోండి.

అత్తగారి సంగతి. మా అత్తమ్మ కూడా "మేమందరం ఒళ్ళో పెట్టుకోలేదా బిడ్డల్ని?" అన్నారు. ప్రేమతోనే అన్నారు, అందుకే వాదించలేదు, లెక్క చెప్పాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే మీ పాప ఎనిమిదిన్నర కిలోలకు 20 రెట్లు వేసుకున్నా 170 కిలోల బరువంత బలం. ఆ క్షణంలో ఏ చేతులు ఆపగలవు? జాతీయ రహదారి 16 మీద మనం వెళ్ళేది 50 లో కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 194బి కింద 14 ఏళ్ళలోపు పిల్లల్ని బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ భద్రపరచకపోతే 1000 రూపాయల జరిమానా ఉందని కూడా చెప్పాను. ఆ తర్వాత ఆమె బాబు పక్కనే కూర్చుని ఆడించడం మొదలుపెట్టారు. మొదటి రెండు ప్రయాణాల్లో ఏడ్చాడు. సింగరాయకొండ దగ్గర కారు ఆపి, కిందికి దించి తిప్పి, మళ్ళీ కట్టేవాళ్ళం. నడుస్తున్న కారులో ఒక్కసారి కూడా పట్టీలు విప్పలేదు.

రోహిణి కార్తెలో మన ఎండలకు బకిల్ ఇనుము చర్మం కాలేలా వేడెక్కుతుంది. కారు ఆపినప్పుడు సీటు మీద తెల్ల గుడ్డ కప్పండి, పాపను కూర్చోబెట్టే ముందు బకిల్‌ను మీ మణికట్టుకు ఆనించి చూడండి.