వేల్స్‌కు వచ్చేవాళ్లు వెల్ష్ నేర్చుకోవాలా?

మీ భార్యకు ఉత్తర వేల్స్‌లోని బాంగర్‌లో నర్సు ఉద్యోగం వచ్చిందని రాశారు. అందరికీ ఇంగ్లిషు వచ్చిన చోట, ఉపాధి సంగతి చూడకుండా ప్రభుత్వం వెల్ష్ భాషకు ఖర్చు పెట్టడం ఎందుకు, మేమూ అది నేర్చుకోవాలా అని అడిగారు. తప్పకుండా నేర్చుకోండి. బాంగర్ ఉన్న గ్వినెద్ కౌంటీలోనే ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. వచ్చిన కొత్తలో నాకూ ఇదే అనుమానం ఉండేది.

మా దగ్గర ఒక పెద్దావిడ ఉండేవారు. మతిమరుపు జబ్బు ముదిరి ఆమెకు ఇంగ్లిషు మాటలు అందకుండా పోయాయి. టీ కప్పు పట్టుకుని నేను ఇంగ్లిషులో ఎంత బతిమాలినా మొహం గోడవైపు తిప్పుకునేవారు. ఒకరోజు తోటి ఉద్యోగిని నేర్పినట్టు ‘పనద్?’ అన్నాను. ఉత్తర వేల్స్‌లో టీని అలాగే అడుగుతారు. ఆమె ఇటు తిరిగి రెండు చేతులూ చాచారు. ఆ వారమే వెల్ష్ తరగతిలో చేరాను.

ఆరోగ్య, సంరక్షణ సేవల్లో రోగి నోరు తెరిచి అడగకముందే వెల్ష్‌లో మాట్లాడే అవకాశం ఇవ్వాలన్నది 2012 నుంచి ఇక్కడి విధానం. అందుకే నర్సుకూ, టీచరుకూ, కౌన్సిల్ గుమాస్తాకూ వెల్ష్ ఒక పని నైపుణ్యం.

ఖర్చు గురించిన మీ ప్రశ్న సబబైనదే. దక్షిణ వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో టాటా ఉక్కు కర్మాగారం చివరి బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము తీసే పెద్ద కొలిమి) 2024 సెప్టెంబరులో ఆగింది, ఎన్నో కుటుంబాల బతుకుతెరువు పోయింది. కానీ ఉపాధినీ భాషనూ విడదీసి చూస్తే లెక్క తప్పుతుంది. వీసాలు లండన్‌లోని బ్రిటన్ ప్రభుత్వం చేతిలో ఉన్నా విద్య, ఆరోగ్యం, ఆర్థికాభివృద్ధి, భాష రాజధాని కార్డిఫ్‌లోని వేల్స్ ప్రభుత్వానివే. 2050 నాటికి పది లక్షల మంది వెల్ష్ మాట్లాడాలని 2017లో అది లక్ష్యం పెట్టుకుంది. 2011 జనగణనలో 5,62,000 మంది ఉండగా 2021లో 5,38,000 మందే తేలారు. గ్వినెద్‌లో నూటికి 64 మంది మాట్లాడతారు, అయినా ఇక్కడి పిల్లలు చదువు కాగానే పని వెతుక్కుంటూ కార్డిఫ్‌కో మాంచెస్టర్‌కో వెళ్లిపోతున్నారు. ఇక్కడి ఇళ్లను సెలవుల విడిది కోసం బయటివాళ్లు కొంటున్నారు. యువత ఉన్న ఊళ్లోనే సంపాదించుకునేలా గ్వినెద్, ఆంగ్లెసీ, కెరెదిగియన్, కార్మార్థెన్‌షైర్‌లలో ఆర్ఫోర్ అనే ప్రభుత్వ పథకం చిన్న వ్యాపారాలకు సాయం చేసింది. దారి సరైనదే, దానికిచ్చిన 1.1 కోట్ల పౌండ్లు మాత్రం నాలుగు కౌంటీలకు చాలవని నా అభిప్రాయం.

ఉద్యోగులకు ఉచిత వెల్ష్ కోర్సులు ఉన్నాయి, చేరగానే పై అధికారిని అడగమనండి. నేర్చుకుంటున్నవాళ్లకు నారింజ రంగు బ్యాడ్జి కూడా ఇస్తారు. అది చూస్తే రోగులు నిదానంగా మాట్లాడతారు, తప్పు పలికితే ఓపికగా దిద్దుతారు. ‘బోరె దా’ అంటే శుభోదయం, ‘దియోల్ఖ్’ అంటే ధన్యవాదాలు. విమానం ఎక్కేలోపు ఈ రెండూ ఇద్దరూ పలికి చూసుకోండి.