హుద్‌హుద్ చూసిన ధీమా డాలస్‌లో చాలదు

సెలవులకు విశాఖ వచ్చినప్పుడల్లా మద్దిలపాలెంలో మా మేడ మీద సందేహాల కచేరీ నడుస్తుంది. ఈసారి డాలస్‌కు చదువుకోవడానికి వెళ్తున్న ఎదురింటి అబ్బాయి, “హుద్‌హుద్‌నే చూశాం బాబాయ్, అక్కడి ఉరుముల వాన ఒక లెక్కా?” అన్నాడు. లెక్కే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటుతుందని రోజుల ముందే తెలుసు. కొవ్వొత్తులు, పాలపొడి కొనుక్కునే వ్యవధి దొరికింది. అక్కడ మార్చి నుంచి మే దాకా వచ్చే గాలివాన మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం కాఫీకీ మధ్యలో తయారైపోతుంది.

మన వేసవిలో కనుమల వైపు ఓ మబ్బు లేస్తుంది, గంటసేపు కురిసి చెదిరిపోతుంది. అక్కడ అలా కాదు. కెనడా వైపు నుంచి దిగే చల్లటి పొడిగాలి బరువైనది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే తేమగాలి, అచ్చం మన బీచ్ రోడ్డు గాలిలా జిడ్డుగా, తేలిగ్గా ఉంటుంది. చల్లగాలి దాని కిందికి చాప కింద నీరులా దూరి పైకి ఎత్తేస్తుంది. పైకెళ్లిన ఆవిరి నీరుగా మారుతూ వేడిని వదులుతుంది, ఆ వేడి మబ్బును ఇంకా పైకి తోస్తుంది. ఇలా దూసుకొచ్చే చల్లగాలి ముందు అంచునే కోల్డ్ ఫ్రంట్ అంటారు. దాని పొడవునా వందల కిలోమీటర్ల మేర ఉరుముల మబ్బులు వరస కడతాయి.

అసలు తమాషా తర్వాత మొదలవుతుంది. వానతో చల్లబడిన గాలి నేలను తాకి ముందుకు పరుగెత్తి, ఎదురుగా ఉన్న వెచ్చటి గాలిని మళ్లీ ఎత్తుతుంది. అలా పాత మబ్బు కురుస్తూనే కొత్త మబ్బును పుట్టిస్తుంది. ఒక్కోసారి ఈ వరస ఫ్రంట్‌నే వెనక వదిలేసి ముందుకు సాగిపోతుంది.

డాలస్‌లో నా మొదటి ఏడాది బాల్కనీలో నిలబడి చూశాను. ఆకాశానికి అడ్డంగా నల్లటి చూరు దిగినట్టుంది. చుక్క వాన పడకముందే చల్లగాలి కొట్టి ఒంటి మీద చెమట ఆరిపోయింది. హాయిగా ఉందనుకున్నాను! పది నిమిషాల్లో కారు అద్దం మీద నిమ్మకాయలంత వడగళ్లు.

ఫోనులో ‘వాచ్’ అని వస్తే పరిస్థితులు అనువుగా ఉన్నాయని అర్థం, చెవి అటు వేసి ఉంచండి. ‘టోర్నడో వార్నింగ్’, అంటే సుడిగాలి హెచ్చరిక, వస్తే ఇక ఆలోచన వద్దు. కింది అంతస్తులో కిటికీ లేని గదిలోకి వెళ్లండి, కాళ్లకు బూట్లు వేసుకుని మరీ. తర్వాత గాజుపెంకుల మీద నడవాల్సి రావచ్చు.

నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు డాలస్‌లో సైరన్ మోగితే మాత్రం హడలిపోకండి. అది పరీక్ష.