‘అమ్మమ్మ కల్లు మూసుకుంది’

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. స్క్రీన్‌షాట్లుగా పంపావు, అవీ వరస తప్పి వచ్చాయి. పోయిన అమ్మమ్మ లేచి మనవరాలికి జడ వేస్తుంటే ఇదేదో దెయ్యం కథ అనుకున్నాను. తర్వాత వరసలో పెట్టుకుని మళ్లీ చదివితే తగిలింది ఈ ముక్క: ‘డాక్టరు నాది పట్టి చూశాడు. అమ్మమ్మ కల్లు మూసుకుంది.’

చావు ఘట్టంలో పాఠకుడు ఫక్కున నవ్వాక కథకురాలికి ఇంకేం మిగులుతుంది? నాడి కాస్తా నాది అయింది, కళ్లు కల్లయ్యాయి. టైపింగ్ పొరపాట్లుంటే పెద్ద మనసుతో చదవమన్నావు. చదవను. నువ్వు రాసే పద్ధతిలోనే పుడుతున్నాయవి, కథ మొత్తం పాకాయి కూడా. అందుకే ఈ ఉత్తరం.

కలం పేరు పెట్టుకోవాలా, పోటీలకు పంపాలా, ఏ పత్రిక త్వరగా వేస్తుంది అని చాలా అడిగావు. ఒక్కదానికే జవాబు చెప్తాను. ఫోన్‌లో కథ రాయొచ్చా? నిక్షేపంగా రాయొచ్చు. 2007లో జపాన్‌లో బాగా అమ్ముడైన మొదటి పది నవలల్లో ఐదు సెల్‌ఫోన్ నవలలుగా పుట్టినవే. అప్పటి ఫోన్లకు అంకెల మీటలే ఉండేవి. ఒక్కో అక్షరం కోసం ఒకే మీటని మళ్లీ మళ్లీ నొక్కుతూ రాశారు వాళ్లు. నీ చేతిలో ఉన్నది అంతకన్నా ఎన్నో రెట్లు మంచి పరికరం. ఫోన్లో రాసింది సాహిత్యమా అని మూతి విరిచే మా వయసు వాళ్ల మాట పట్టించుకోకు. నా గొడవ వేరే. మీటలకు పైన ఒక పట్టీలో మూడు మాటలు ఎప్పుడూ నీకోసం సిద్ధంగా ఉంటాయి చూడు, దానితో నా గొడవ.

నువ్వు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడతావు. కె, ఏ, రెండు ఎల్‌లు, యూ. ఆ ఐదింటిలో కళ్లూ ఉన్నాయి, కల్లూ ఉంది. ల, ళ రెంటికీ అదే ఎల్. న, ణ రెంటికీ అదే ఎన్. ద, డ రెంటికీ డీ. మేం కంప్యూటర్లలో తెలుగు మొదలుపెట్టిన రోజుల్లో ఆర్‌టీఎస్ అని ఒక పద్ధతి ఉండేది. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. ఇంటర్నెట్‌లో తెలుగు కొట్టుకునే లేఖిని కూడా అలాగే నడిచేది. దానికి ఊహలు లేవు, కొట్టిందే వచ్చేది. తప్పు కొడితే తప్పే వచ్చేది, అది కొట్టినవాడి తప్పే. ఇప్పటి కీబోర్డు నువ్వు ఏం అనబోతున్నావో తానే ఊహించి పట్టీలో పెడుతుంది. నువ్వు స్పేస్ కొట్టి ముందుకు పోతావు.

ఆ ఊహ ఎక్కడిది? ఏ మాట పక్కన ఏ మాట ఎక్కువగా వస్తుందో బోలెడు మంది రాతల్లోంచి నేర్చుకున్న లెక్క. కొంత నీ రాతల్లోంచీ నేర్చుకుంటుంది. పదిమందీ అనేదే ముందు పెట్టడం దాని ఉద్యోగం. ‘దారిలో ఉన్నాను, వచ్చేస్తున్నాను’ అని ఇంటికి మెసేజ్ పెట్టేటప్పుడు అది దేవుడిచ్చిన తోడు. కథ రాసేటప్పుడు అదే తోడు నీ చెయ్యి పట్టుకుని అందరూ నడిచిన దారిలోకి లాక్కుపోతుంది. నీ కథలో అమ్మ కన్నీటి పర్యంతమైంది, పిన్ని కన్నీటి పర్యంతమైంది, చివరికి డాక్టరూ కన్నీటి పర్యంతమయ్యాడు. ‘కన్నీటి’ వరకూ నువ్వు కొట్టావు, ఆ తర్వాతది పట్టీలోంచి వచ్చింది. కాదని ఒట్టేసి చెప్పు.

ఇక అమ్మమ్మ మాట తీరు చూడు. మొదటి పేరాలో ‘వచ్చినావా’ అంటుంది. రెండు పేరాలు గడిచాక ‘వచ్చావా’ అంటుంది. ఆస్పత్రికొచ్చేసరికి ‘విచ్చేశావా’ అనేసింది! మంచం పట్టిన మనిషికి అంత గ్రాంథికం ఎక్కణ్ణుంచి వచ్చింది? నీ వేలు అలిసిపోయింది, అంతే. యాసలో మాటలు పట్టీకి పెద్దగా తెలియవు. తెలిసినవి పెడుతుంది, నువ్వు ఒప్పేసుకుంటావు.

మధ్యలో ఒకచోట ఆవిడ ‘నీ చెప్పులు తిప్పి పెట్టినా, పోయేటప్పుడు వంగే పని లేదు’ అంటుంది. అక్కడ ఆగిపోయాను. ఏ పట్టీ అందివ్వదు ఆ మాటని. ఒక్కో అక్షరం నువ్వే కొట్టి ఉంటావు. ఆ ఒక్క వాక్యం లేకపోతే నీకింత పొడుగు ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. కీబోర్డు సెట్టింగ్స్‌లో టెక్స్ట్ కరెక్షన్ అనో, అలాంటి ఇంకో పేరుతోనో ఉంటుంది. అందులో సూచనల పట్టీని, ఆటో కరెక్షన్‌ని ఆపెయ్యి. ఆపితే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు ఎలా కొట్టాలి, సరైన మాట ఎంచుకునేది ఆ పట్టీలోనే కదా అంటావు. నేను చెప్పేదీ అదే. ఆ పద్ధతిలో రాస్తున్నంతకాలం పట్టీని వదిలించుకోలేవు. తెలుగు అక్షరాల కీబోర్డుకు మారు. ళ కావాలంటే ళ మీదే వేలు వెయ్యాలి. ఏ అక్షరం కావాలో నొక్కే ముందే నీకు తెలిసి ఉండాలి. కళ్లకూ కల్లుకూ తేడా అక్కడే తేలిపోతుంది. ఒత్తు కావాలంటే హల్లు, పొల్లు, మళ్లీ హల్లు. క, పొల్లు, ష కొడితే క్ష. 1980ల్లో ప్రభుత్వం తయారుచేయించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు, గుణింతాలు ఎడమవైపు, హల్లులు కుడివైపు ఉంటాయి. హిందీకీ కన్నడానికీ కూడా అదే వరస. మొదట్లో విసుగొస్తుంది, వేగం చచ్చిపోతుంది. చావనీ. మాటకీ మాటకీ మధ్య ఆ కాస్త ఆలస్యంలోనే ‘పర్యంతమైంది’ వద్దనిపిస్తుంది నీకు.

ఫోనుకు మన రాత ఎలా కనబడుతుందో కూడా తెలుసుకో. ‘లక్ష్మి’ నీ కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. చెరిపే మీట నొక్కితే గుడి ఒక్కటే పోయి మ మిగిలేది ఇందుకే. ఈ లెక్క తెలియని ఒక సంపాదకుడు ఒకప్పుడు పోటీ పెట్టి ‘మూడు వేల అక్షరాలు మించరాదు’ అన్నాడు. లెక్కపెట్టింది కంప్యూటరు. నా కథ చివరి పేరా తెగిపోయి అచ్చయింది. తల్లీకూతుళ్లు కలుసుకోకుండానే కథ అయిపోయింది. ‘అసంపూర్ణ ముగింపు అద్భుతం’ అని విమర్శ ఒకటి. ఆ సంపాదకుడు ఆ పొగడ్తని తన ఖాతాలో వేసుకున్నాడు.

ఆయనకన్నా ముందు ఇంకో మహానుభావుడున్నాడు. చేతిరాత పంపితే ‘డీటీపీ చేయించి పంపండి’ అన్నాడు. సొంత డబ్బుతో చేయించి పంపితే ‘మా ఫాంటు వేరు’ అన్నాడు. అప్పట్లో ఫాంటుకో లోకం. ఒక ఫాంటులో కొట్టిన తెలుగు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ కలగాపులగంగా కనబడేవి. నా నవల ఒకటి ఇప్పటికీ అలాంటి ఫైల్లోనే సమాధి అయి ఉంది. యూనికోడ్ 1991లోనే తెలుగుకి చోటిచ్చింది. మన పత్రికాఫీసుల గడప దాటడానికే దానికి అన్నేళ్లు పట్టింది. నువ్వు కొట్టింది ఎవరి ఫోన్లో తెరిచినా తెలుగులాగే కనబడుతోందంటే, అది ఊరికే రాలేదని తెలిసి ఉండాలి నీకు.

‘ఆమె లేచి. కిటికీ దగ్గరకు. వెళ్లింది.’ ఇలాంటివి చాలా ఉన్నాయి. మొదట ఇదేదో కొత్త శైలి అనుకున్నాను. ఈమధ్య అలా ముక్కలు ముక్కలుగా రాయడం ఫ్యాషనైంది, ఫోన్లో చదివేవాళ్లకి పేరా రెండు లైన్లు మించకూడదని పాఠాలు చెప్పేవాళ్లూ తయారయ్యారు. తర్వాత అర్థమైంది, స్పేస్ రెండుసార్లు తగిలితే కీబోర్డు తానే చుక్క పెట్టేస్తోంది. ఆ సౌకర్యం కూడా ఆపెయ్యి. చుక్క ఎక్కడ పెట్టాలో కథకురాలిగా నీకే తెలియాలి.

‘సాఫ్ట్వేర్’ అని అతికించి రాశావు. ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కనబడని అక్షరం ఒకటి (జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు) పెట్టాలి, అప్పుడు ‘సాఫ్ట్‌వేర్’ అవుతుంది. నీ కీబోర్డులో ఆ మీట ఎక్కడుందో వెతుక్కో. చిన్న విషయమని తీసెయ్యకు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ మధ్యలో ఆ కనబడని అక్షరం ఇరుక్కున్న ఒక్క మెసేజ్‌కి ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ వాళ్లు హడావిడిగా కొత్త అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. జ్ఞానానికి అంత బరువుందని అప్పుడే తెలిసింది వాళ్లకి.

నోటితో చెప్పి రాయించుకోవచ్చా అని కూడా అడిగావు కదూ. గూగుల్ 2017లో తెలుగుకి ఆ సదుపాయం ఇచ్చింది. చిత్తుప్రతికి వాడుకో, తప్పులేదు. కానీ అమ్మమ్మ మాటల దగ్గర దాన్ని నమ్మకు. ‘పెట్టినా’ అన్నది యాసలో ‘పెట్టాను’ అని దానికి తెలియదు, సొంత తెలివితో సాపు చేసేస్తుంది.

కథ మొత్తం మార్చక్కర్లేదు. ఆస్పత్రి భాగం ఒక్కటి తెలుగు అక్షరాల కీబోర్డుతో, పట్టీ ఆపేసి, మళ్లీ మొదటి నుంచి కొట్టు. పాతదాన్ని కాపీ చేసి దిద్దకు. డాక్టరుని ఏడిపించకు, పాపం అతనికి ఆ రోజు ఇంకా చాలామంది రోగులుంటారు. అమ్మమ్మ చివరిసారి ఏమందో నీకు చెవిలో వినబడేదాకా ఆ లైను ఖాళీగా వదిలెయ్యి. రెండు వారాల్లో పంపు.